‘కంటె’ మోసే బరువు: తెలుగు పిల్లలు, ఇంగ్లీషు తారతమ్యాలు

తెలుగు బడిలో చదివిన వారిలో విభక్తులను వల్లె వేయని వారు ఉండరు. డు, ము, వు, లు దగ్గర మొదలై అందు, న దగ్గర ముగిసే ఆ పట్టికలో అయిదవ వరుస ‘వలన, కంటె, పట్టి’. అది పంచమీ విభక్తి. ఆ పాఠం ముగిసి గంట కొట్టగానే ఇంగ్లీషు మాస్టారు వస్తారు. నల్లబల్ల మీద మూడు నిలువు గళ్ళు గీసి ‘బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్’ అని వ్రాస్తారు. ఈ రెండు పాఠాలూ ఒకే పనిని గూర్చినవని పిల్లవాడికి ఎవరూ చెప్పరు. ఒక వస్తువును మరొక వస్తువుతో పోల్చడానికి రెండు భాషలు రెండు వేర్వేరు చోట్ల గుర్తు పెట్టుకొన్నాయని అంతకంటె చెప్పరు. తెలుగు మాస్టారు ఇంగ్లీషు జోలికి పోరు. ఇంగ్లీషు మాస్టారు తెలుగును తరగతి గడప దాటనివ్వరు.

అప్పుడు పుట్టే వాక్యాలు మనందరికీ తెలిసినవే. ‘అవర్ హౌస్ ఈజ్ బిగ్ దాన్ యువర్ హౌస్.’ ‘ది ట్రెయిన్ ఈజ్ గోయింగ్ మోర్ ఫాస్టర్.’ ‘షి వెరీ నైస్లీ సింగ్స్ సాంగ్స్.’ ‘ది పాయసం ఈజ్ టేస్టింగ్ స్వీట్లీ.’ బెంగళూరులో తెలుగు ఇళ్ళ పిల్లలు చదివే బడుల్లో కాగితాలు దిద్దే వారికి ఇవి కనబడక మానవు. వీటిని చూసిన కొందరు తల్లిదండ్రులు, ఇంట్లో తెలుగు మాట్లాడడం వల్లనే పిల్లల ఇంగ్లీషు పాడవుతోందని నిశ్చయానికి వస్తారు. తెలుగు పీరియడు మాన్పించి, ఆ గంటకు మరొక ఇంగ్లీషు ట్యూషను కుదురుస్తారు. నా అభిప్రాయం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆ తప్పులు తెలుగు ఎక్కువై వచ్చినవి కావు. తెలుగు వాక్యం దేని మీద నిలబడి ఉందో పిల్లవాడికి ఎవరూ చూపించకపోవడం వల్ల వచ్చినవి. నిజానికి ఈ తేడాను రెండు వందల ఏళ్ళ క్రిందటి నుంచే గ్రంథాలకు ఎక్కించారు. అయితే ఆ గ్రంథాలు ఇంగ్లీషువారికి తెలుగు నేర్పడానికి పుట్టినవి. తెలుగువారికి ఇంగ్లీషు నేర్పే గదిలోకి ఆ జ్ఞానం వచ్చి చేరలేదు. ఎందుకు చేరలేదన్నదే ఇక్కడ చెప్పదలచిన చరిత్ర.

1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల వెలసింది. కంపెనీ కొలువులో చేరడానికి ఓడ దిగిన పడుచు దొరలకు దక్షిణాది భాషలు నేర్పడం దాని పని. జిల్లాకు వెళ్ళి శిస్తు వసూలు చేయాలన్నా, ఫిర్యాదు వినాలన్నా భాష రావాలి కదా! 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం శ్రీరాంపురంలో అచ్చయింది. 1816లో ఎ. డి. క్యాంబెల్ వ్యాకరణం మద్రాసులో, ఈ కళాశాల ముద్రణాలయంలోనే వెలువడింది. దానికి ముందు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ చేర్చిన వ్యాసం ఈనాటికీ ప్రసిద్ధమే. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానికి చెందినవని, అవి సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఆయన అందులో సోదాహరణంగా వాదించారు. మనవారు ఎల్లిస్‌ను ఈ కుటుంబ నిర్ణయం కోసమే తలచుకొంటారు. బడిపంతులు నేర్చుకోవలసిన సంగతి మరొకటి కూడ అందులో ఉంది. ఒక భాష మరొక భాష నుంచి వేల కొద్దీ మాటలు అప్పు తెచ్చుకొన్నా, తన నడకను అంత సులభంగా వదలుకోదు.

తరువాత 1840లో సి. పి. బ్రౌను వ్యాకరణం, 1873లో ఎ. హెచ్. ఆర్డెన్ వ్యాకరణం వచ్చాయి. ఆర్డెన్ మచిలీపట్నంలో పనిచేసిన మిషనరీ. ఆయన పుస్తకం పాఠం వెంట పాఠంగా మెట్టు మెట్టుగా నడుస్తుంది. చాలా కాలం తెలుగు నేర్చుకోదలచిన దొరలకు అదే చేతిపుస్తకం. ఇటువంటి పుస్తకాలన్నింటా పోలికను గూర్చిన ఘట్టం ఒకటి తప్పనిసరిగా ఉండవలసిందే. ఎందుకంటే ఇంగ్లండు నుంచి వచ్చిన విద్యార్థి మొదట అడిగే ప్రశ్నల్లో ‘బిగ్గర్ అన్నదానికి తెలుగు మాట ఏమిటి?’ అన్నది ఒకటి. దానికి జవాబు, అటువంటి మాట లేదు అన్నదే. తెలుగులో ‘పెద్ద’ ఎప్పుడూ పెద్దే. ‘మా ఇల్లు పెద్దది’ అన్నప్పుడూ, ‘మా ఇల్లు మీ ఇంటి కంటె పెద్దది’ అన్నప్పుడూ విశేషణం తొణకదు, బెణకదు. మారేది, దేనితో పోలుస్తున్నామో ఆ నామవాచకం. ‘మీ ఇల్లు’ కాస్తా ‘మీ ఇంటి కంటె’ అయింది. తారతమ్యపు బరువంతా ఆ ‘కంటె’ మీదనే ఉంది.

1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చయినప్పుడు ఈ విషయం తెలుగు ఒక్కదానికే పరిమితం కాదని స్పష్టమైంది. ఇంగ్లీషు, సంస్కృతం వంటి భాషలు విశేషణానికే ప్రత్యయం తగిలించి పోలికను తెలుపుతాయి. ద్రావిడ భాషలన్నీ ఆ పని చేయకుండా, పోల్చే వస్తువుకు గుర్తు పెడతాయి అని ఆయన వివరించారు. తమిళంలో ‘కాట్టిలుం’, ‘పార్క్కిలుం’ అన్నవి ‘చూపినా’, ‘చూసినా’ అనే అర్థం ఉన్న మాటలు. మన ‘కంటె’, ‘కన్నా’ అన్నవి కూడ చూడడం అని అర్థమిచ్చే ‘కను’ ధాతువు నుంచి వచ్చినవేనని చెబుతారు. ఒకదాన్ని చూస్తే మరొకటి పెద్దది! పోల్చడమంటే ఒకదాని ప్రక్కన మరొకటి పెట్టి చూడడమే కాబట్టి ఇది ఎంతో సహజంగా ఉంది.

1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది. ‘కంటె’ను పంచమిలో చేర్చడంలో ఆంధ్ర వ్యాకర్తలు సంస్కృత సంప్రదాయాన్నే అనుసరించారు. సంస్కృతంలోనూ పోల్చే వస్తువుకు పంచమీ విభక్తి వస్తుంది. అయితే సంస్కృతం అంతటితో ఆగదు. విశేషణానికి ‘తర’, ‘తమ’ అన్న ప్రత్యయాలు కూడ చేరుస్తుంది. మనం నిత్యం వాడే ‘తారతమ్యం’ అన్న మాట ఈ రెండు ప్రత్యయాలను కలిపి చేసినదే. ‘ప్రియతమ’ వంటి మాటలను తెలుగు కట్టుకట్టి తెచ్చుకొంది కాని, ‘పెద్దతర’ అని ఏ తెలుగువాడూ అనలేదు. ఎల్లిస్ చెప్పిన సంగతి ఇక్కడ మరొకసారి రుజువవుతుంది. 

ఇంకొక విశేషం. సంస్కృతంలో తర, తమలకు తోడు మరొక జత ఉంది. ‘శ్రేయస్’ అంటే మరింత మేలైనది, ‘శ్రేష్ఠ’ అంటే అన్నింటా మేలైనది. జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ అన్నవన్నీ ఈ రెండవ అచ్చులో పోసినవే. ఇంగ్లీషులో ‘బిగ్గర్’ చివరి ‘అర్’, ‘బిగ్గెస్ట్’ చివరి ‘ఎస్ట్’ ఈ జతకు దాయాదులని తులనాత్మక భాషాశాస్త్రం నిరూపించింది. అంటే లెక్కల పుస్తకంలో గరిష్ఠ సామాన్య భాజకం, కనిష్ఠ సామాన్య గుణిజం అని చదివే తెలుగు పిల్లవాడు, తెలియకుండానే ‘గ్రేటెస్ట్’, ‘లీస్ట్’ అన్న మాటల చుట్టాలను పలుకుతున్నాడన్నమాట. ఉన్నత పాఠశాల పిల్లలకు ఈ సంగతి ఒక్కసారి చెప్పి చూడండి. ‘ఎస్ట్’ను మరచిపోవడం కష్టం.

ఇక బండి రెండవ దిక్కుకు తిరిగింది. 1835లో మెకాలే నివేదిక, 1854లో వుడ్ తాఖీదు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం. తెలుగువారు ఇంగ్లీషు నేర్చుకోవలసిన కాలం వచ్చింది. ఆ నేర్పు కోసం పుస్తకాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆర్డెన్, కాల్డ్‌వెల్ గమనించిన తేడాలను తిరగవేసి, తెలుగువాడికి ఇంగ్లీషు ఎక్కడ వింతగా ఉంటుందో చెప్పే పుస్తకాలు పాఠశాలలను ఏలి ఉండవచ్చు. అలా జరగలేదు. ఇంగ్లీషు పిల్లల కోసం ఇంగ్లండులో స్థిరపడిన వ్యాకరణ పద్ధతే ఇక్కడా పెత్తనం చేసింది.

ఆ పద్ధతికి మూలపురుషుల్లో ఒకరు రాబర్ట్ లౌత్. ఆయన వ్యాకరణం 1762లో వచ్చింది. 1795లో లిండ్లే మరే దానినీ, అటువంటి ఇతర గ్రంథాలనూ ఆధారం చేసుకొని బడి వ్యాకరణం వ్రాశారు. ఈ వ్యాకర్తలు తప్పుపట్టిన వాటిలో జంట తారతమ్యాలు ఒకటి. అంటే మన పిల్లల ‘మోర్ ఫాస్టర్’ వంటివే. అంతకు ముందు ఇంగ్లీషువారే వాటిని ధారాళంగా వాడేవారు. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకంలో ఆంటొనీ నోట అటువంటి జంట ప్రయోగం చేయించారు. మూడు వందల ఏళ్ళ క్రిందటి వరకు పెద్ద కవులకు చెల్లిన మాట ఇప్పుడు మన అయిదవ తరగతి పిల్లకు మార్కులు కోస్తోంది. నియమం నియమమే, పాటించవలసిందే. కాని దానిని మందబుద్ధికి గుర్తుగా చూడనక్కర లేదు.

పందొమ్మిదో శతాబ్ది చివర నెస్‌ఫీల్డ్ వ్యాకరణం, 1930లలో రెన్, మార్టిన్‌ల వ్యాకరణం భారతదేశపు బడులను ఆక్రమించాయి. (ఈ రెన్ దొర ‘బో జెస్ట్’ అనే సాహస నవల వ్రాసిన వారే. నవల కంటె వ్యాకరణమే మన దేశంలో ఎక్కువ మంది చేత చదివించింది, అదీ బెత్తం చూపించి!) వీటి నుంచి వచ్చినదే మనకు చిరపరిచితమైన పరీక్ష ప్రశ్న: ఒక వాక్యాన్ని మూడు డిగ్రీల్లోకి మార్చుము. ‘నో అదర్’ అని మొదలుపెట్టే ఆ వాక్యాన్ని తెలుగు రాష్ట్రాల్లో పదవ తరగతి వ్రాసిన వారెవరూ మరచిపోరు. అర్థం మారకుండా రూపం మార్చే గారడీ అది. పిల్లవాడు ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకొని, వరండాలోకి వచ్చి ‘మై బ్రదర్ ఈజ్ టాల్ దాన్ మి’ అని చక్కగా అంటాడు. పరీక్షలో అతడు చేసినది పోల్చడం కాదు, మూసలు మార్చడం.

స్వాతంత్ర్యం తరువాత ఈ వ్యాకరణ సూత్రాల మీద విసుగు పుట్టింది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ, 1963లో బెంగళూరులో దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ ఏర్పడ్డాయి. రెండవది దక్షిణాది రాష్ట్రాల బడుల ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి పెట్టినది. ఆ కాలంలో చలామణి అయినది నిర్మాణ పద్ధతి. ఇంగ్లీషు వాక్య నిర్మాణాలను తేలిక నుంచి కష్టానికి వరుసగా పేర్చి, ఒక్కొక్క దానిని నోటితో చెప్పించి చెప్పించి అలవాటు చేయడం దాని సారం. ఉపాధ్యాయుడు రెండు పెన్సిళ్ళు ఎత్తి పట్టుకొంటాడు. ‘దిస్ పెన్సిల్ ఈజ్ లాంగర్ దాన్ దట్ పెన్సిల్.’ తరగతి అంతా కోరస్. తరువాత రెండు పుస్తకాలు, తరువాత ఇద్దరు పిల్లలు. సూత్రాలు పోయాయి, మంచిదే. కాని వాటితో బాటు మాతృభాష కూడ బయటకు పోయింది. అనువాదం చేయించడం పాత కాలపు చాదస్తమన్న ముద్ర పడింది. నెస్‌ఫీల్డు కాలపు పంతులు కనీసం ‘దాన్ అంటే కంటె’ అని ఒక మాట అనేవాడు. ఆ ఒక్క మాట సగం నిజమే అయినా, సగం మేలు చేసేది.

సగం నిజం అని ఎందుకంటున్నానంటే, అసలు చిక్కు అక్కడే ఉంది. ‘దాన్ అంటే కంటె’ అని నేర్చుకొన్న తెలుగు పిల్లవాడు, తన భాషలో ‘కంటె’ మోసే బరువంతా ‘దాన్’ నెత్తిన పెడతాడు. పోలిక తెలిసిపోయింది కదా, ఇక ‘బిగ్’ను మార్చే పని ఏముంది? అందుకే ‘బిగ్ దాన్’. ఇంగ్లీషులో ‘దాన్’ అంత బరువు మోయదు. చరిత్రలో అది ‘అప్పుడు’, ‘తరువాత’ అనే అర్థమున్న ‘దెన్’తో ఒకే మాట; రెండు ముక్కలను కలిపే కొక్కెం మాత్రమే. బరువు మోసేది విశేషణానికి తగిలిన ‘అర్’. పోల్చే వస్తువును చెప్పకపోయినా ‘ఫాస్టర్’ అన్నప్పుడు పోలిక మిగిలే ఉంటుంది. తెలుగులో అలాంటి చోట ‘ఇంకా వేగంగా’, ‘ఎక్కువ వేగంగా’ అని మరొక మాటను ఊతంగా తెచ్చుకొంటాం. ఆ ఊతకర్రే ‘మోర్’ అయి, బడిలో నేర్పిన ‘ఫాస్టర్’ ముందు నిలబడుతుంది. మోర్ ఫాస్టర్! పిల్లవాడు రెండు భాషల పద్ధతినీ శ్రద్ధగా పాటించాడు. 

నిర్మాణ పద్ధతి మీద తిరుగుబాటు కూడ బెంగళూరులోనే జరిగింది. దానిని ఇంగ్లీషు బోధన చదివిన వారు ప్రపంచమంతా ‘బెంగళూరు ప్రాజెక్టు’ అనే పిలుస్తారు. బ్రిటిష్ కౌన్సిల్ మద్రాసు కార్యాలయంలో పనిచేస్తున్న ఎన్. ఎస్. ప్రభు, బెంగళూరు ప్రాంతీయ ఆంగ్ల సంస్థ సహకారంతో, 1979 నుంచి 1984 వరకు దక్షిణాదిలోని కొన్ని మామూలు బడుల్లో, మొత్తం ఎనిమిది తరగతుల్లో ఈ ప్రయోగం నడిపారు. ఖరీదైన బడులు కావు, ప్రత్యేక సామగ్రి లేదు, పెద్ద పెద్ద తరగతులు. వారి సూత్రం ఒక్కటే: పిల్లవాడి మనసు అర్థం మీద లగ్నమై ఉన్నప్పుడే వ్యాకరణం లోలోపల కుదురుకొంటుంది. కాబట్టి ‘ఈ వారం తారతమ్యాలు’ అని ముందుగా నిర్ణయించిన పాఠక్రమం లేదు. ఉన్నవి పనులు: రైళ్ళ కాలపట్టిక, పటం, బడి టైంటేబులు, ఊళ్ళ మధ్య దూరాలు, వయసులు, డబ్బు లెక్కలు. మొదట ఉపాధ్యాయుడు అటువంటి పనినే తరగతి మొత్తంతో కలిసి నోటిమాటగా చేస్తాడు. తరువాత పిల్లలు దానికి దగ్గరగా ఉన్న మరొక పనిని ఎవరికి వారు చేస్తారు. మార్కులు జవాబు సరిగ్గా ఉందా లేదా అన్న దానికే గాని వాక్యం అందంగా ఉందా అన్న దానికి కాదు. తరగతిలో కనీసం సగం మంది, పనిలో కనీసం సగం సరిగ్గా చేయగలిగితే ఆ పని ఆ తరగతికి తగినదని లెక్క. ఈ కొలత నాకు ఎంతో నచ్చింది. పంతుళ్ళకు నిద్ర పట్టే కొలత అది.

రైళ్ళ కాలపట్టిక చేతిలో పెట్టి ‘ఏ బండి ముందు చేరుతుంది? ఏది మెల్లగా వెళుతుంది? ఎంత తేడా?’ అని అడిగిన తరువాత పోలిక రాకుండా ఎలా ఉంటుంది? ‘ఫాస్టర్’, ‘ఎర్లియర్’, ‘మోర్ స్లోలీ’ అన్నవి నల్లబల్ల మీద పట్టికగా కాక, అవసరమై వస్తాయి. విశేషణం, క్రియావిశేషణం, క్రియ మూడూ ఒకే వాక్యంలో కలిసి వస్తాయి. విడదీసి నేర్చిన వారికి అలా కలపడమే గదా కష్టం. ఆ విధంగా ప్రభు గారు మూడు డిగ్రీల గారడీని నిజమైన పోలికగా మార్చారు. 1985లో బెరెట్టా, డేవిస్ అనే పరిశీలకులు తమ మదింపును ప్రకటించారు. స్థూలంగా ప్రాజెక్టుకు అనుకూలమే; అయితే ఏ తరగతికి ఏ పద్ధతి అలవాటో దానికి దగ్గరి పరీక్షలో ఆ తరగతి మెరుగ్గా కనబడింది. 1987లో ప్రభు తన అనుభవాన్ని పుస్తకంగా ప్రకటించారు. నేడు ప్రపంచమంతటా ‘పని ఆధారంగా భాషాబోధన’ అని చెప్పుకొనే దానికి మొదటి పునాదుల్లో ఈ ప్రాజెక్టును తప్పక పేర్కొంటారు. మన బడుల్లో మాత్రం పెన్సిళ్ళ కోరసు, ‘నో అదర్’ గారడీ రెండూ నిక్షేపంగా కొనసాగాయి.

ఇంత మంచి ప్రయోగంలోనూ ఒక కిటికీ తెరవకుండా మిగిలిపోయింది. పిల్లల భాషలు పోలికను ఎక్కడ గుర్తిస్తాయో పాఠంలో చూపించడం వారి ఉద్దేశం కాదు. అటువంటి పాఠానికి బెంగళూరు తరగతి కంటె అనువైన చోటు మరొకటి నాకు తోచదు. తెలుగు పిల్ల ‘నా కంటె’ అంటుంది. కన్నడ పిల్ల ‘ననగింత’ అంటుంది. తమిళ పిల్ల ‘ఎన్నై విడ’ అంటుంది. ఉర్దూ పిల్ల ‘ముఝ్‌సే’ అంటుంది. నాలుగింటిలోనూ గుర్తు పోల్చిన మనిషికే పడింది. పొడుగు అన్న మాటకు ఏమీ కాలేదు. ఉపాధ్యాయుడికి నాలుగు భాషలూ రానక్కర లేదు. నలుగురు పిల్లలను పిలిచి నాలుగు వాక్యాలు బల్ల మీద వ్రాయిస్తే, ఇంగ్లీషు ఒక్కటే వేరు దారిలో వెళుతోందని వారే కనిపెడతారు.

దీనికి మించిన చమత్కారం వరుసలో ఉంది. ‘రైలు బస్సు కంటె వేగంగా వెళుతుంది.’ ఈ వాక్యంలో ‘రైలు’ను మొదట ఉంచి, తక్కినదాన్ని చివర నుంచి వెనుకకు చదవండి: రైలు, వెళుతుంది, వేగంగా, కంటె, బస్సు. ‘ది ట్రెయిన్ గోస్ ఫాస్టర్ దాన్ ది బస్.’ ఒక్క మాట కూడ అటూ ఇటూ కాలేదు. అద్దంలో ప్రతిబింబం లాగ ఉంది. ‘ఆమె చక్కగా పాటలు పాడుతుంది’ అన్నప్పుడు తెలుగులో క్రియావిశేషణం క్రియకు ముందే ఎక్కడో ఉంటుంది. క్రియ చివరకు వస్తుంది. అందుకే ‘వెరీ నైస్లీ సింగ్స్ సాంగ్స్’. క్రియ పట్టుకొని వెనుకకు నడవడం అలవాటైన పిల్ల ‘సింగ్స్ సాంగ్స్ వెరీ నైస్లీ’ అంటుంది. పాటలను మాత్రం క్రియకు అతుక్కొని ఉండనివ్వాలి. ఇంగ్లీషు క్రియకూ కర్మకూ నడుమ మూడో మనిషిని సామాన్యంగా సహించదు.

చివరి చిక్కు ‘గా’. ‘అగు’ ధాతువు నుంచి వచ్చిన ‘కా’ అన్న రూపమే ‘గా’గా మారి మనకు క్రియావిశేషణాలను చేసిపెడుతోంది: మెల్లగా, వేగంగా, మధురంగా. ఇంగ్లీషు ‘లీ’ కూడ ఇటువంటి కథ ఉన్నదే. దేహం, రూపం అని అర్థమున్న పాత మాట అరిగి అరిగి అలా అయింది. అందుచేత ‘గా’కు ‘లీ’ అని సమీకరణం చెప్పడం తేలిక. కాని ‘ఆమె మధురంగా పాడింది’, ‘పాట మధురంగా ఉంది’ అన్న రెండింటిలోనూ తెలుగుకు ‘మధురంగా’ ఒక్కటే. ఇంగ్లీషుకు మొదటిది ‘స్వీట్లీ’, రెండవది ‘స్వీట్’. తెలుగు వాక్యం ‘ఉంది’తో ముగిసినా, చూడడానికి, తినడానికి, వాసనకు, తాకడానికి ఎలా ఉందో చెబుతున్నా ‘గా’ ఉన్నప్పటికీ ఇంగ్లీషులో విశేషణమే రావాలి. పాయసం ‘స్వీట్లీ’ కావడం ఇందువల్లనే. పోతే, ‘ఫాస్ట్’, ‘హార్డ్’ వంటివి పాత ఇంగ్లీషులో ఉండిన చివరి అచ్చును పోగొట్టుకొని విశేషణంతో ఒకటైపోయిన క్రియావిశేషణాలు. వాటికి ‘లీ’ అక్కరలేదు. ‘హి వర్క్స్ హార్డ్లీ’ అని వ్రాసిన పిల్లవాడు తండ్రి కష్టజీవి అని చెప్పబోయి, ఆయన పనే చేయడని చెప్పినట్టయింది. ‘లీ’ ఉన్న వాటికి పోలికలో ‘మోర్’, లేని ఈ కొన్నింటికి ‘అర్’ అన్నది ఇక్కడి నుంచే తేలుతుంది.

ఇదంతా తెలుగు వాక్యం తెలిసిన వారు చేయగల పని. కర్ణాటకలో భాషను గూర్చిన చర్చలు మాత్రం ఎప్పుడూ ఏ భాష, ఎన్నో భాష, ఏ మాధ్యమం అన్న వాటి చుట్టూనే తిరిగాయి. కన్నడానికి ప్రథమ స్థానం ఇవ్వాలని 1981లో నివేదిక ఇచ్చిన సంఘానికి అధ్యక్షులు వి. కృ. గోకాక్. ఆయన కన్నడ మహాకవి, ఇంగ్లీషు ఆచార్యులు. హైదరాబాదు కేంద్రీయ ఆంగ్ల సంస్థకు సంచాలకులుగాను, బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగాను పనిచేసిన వారు. రెండు భాషలూ ఒకే బుర్రలో హాయిగా ఉండగలవని ఆయన జీవితమే సాక్ష్యం. కాని నివేదిక మీద జరిగిన ఉద్యమాల్లో, ఎదురు ఉద్యమాల్లో తరగతి గదిలో రెండు భాషలు ఒకదానికొకటి ఎలా సాయపడతాయన్న మాట వినబడలేదు. 1994లో ప్రాథమిక తరగతులు మాతృభాషలో గాని కన్నడంలో గాని ఉండాలని ప్రభుత్వం ఆదేశించింది. 2008లో హైకోర్టు దానిని కొట్టివేసింది. 2014 మే 6న సుప్రీంకోర్టు, మాధ్యమం ఎంచుకొనే హక్కు తల్లిదండ్రులదేనని తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి తెలుగు పీరియడు నిలవడం, పోవడం చాలా వరకు మీ చేతుల్లోనే ఉంది.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుబంధంగా ఇంగ్లీషు బోధన మీద వెలువడిన పత్రం, పిల్లల బహుభాషా జ్ఞానాన్ని తరగతిలో వనరుగా వాడుకోవాలని చెప్పింది. ఆ సంఘానికి అధ్యక్షత వహించినది హైదరాబాదు ఆంగ్ల సంస్థకు చెందిన ఆర్. అమృతవల్లి. కాగితం మీద అనుమతి ఉందన్నమాట.

పని మొదలుపెట్టదలచిన వారికి సామగ్రి పెద్దగా అక్కరలేదు. 2023 సెప్టెంబరులో కాచిగూడ, యశ్వంతపురాల మధ్య వందే భారత్ రైలు మొదలైంది. దాని కాలపట్టికనూ, అదే దారిలో రాత్రిపూట నడిచే ఒక ఎక్స్‌ప్రెస్ కాలపట్టికనూ పక్కపక్కన పెట్టండి. బెంగళూరు నుంచి హోసూరు సుమారు 40, కోలారు సుమారు 70, హిందూపురం సుమారు 100 కిలోమీటర్లు అని దానికి చేర్చండి. ఏ బండి ఎంత వేగంగా, ఏ ఊరు ఎంత దగ్గరగా అన్నది పిల్లల చేత ముందు తెలుగులో చెప్పించండి. ‘కంటె’ క్రింద ఎర్ర గీత గీయించండి. తరువాత వాక్యాన్ని క్రియ దగ్గర పట్టుకొని వెనుకకు నడిపించి, ఆ ఎర్ర గీత ఇంగ్లీషులో ఏ మాట మీదకు దూకిందో అడగండి. వీలైతే ఆ గంటకు ఇంగ్లీషు మాస్టారును కూడ తరగతిలో కూర్చోమనండి.